17 దగ్గర ఆగిపోయిన రోజులు

ఒకసారి ఊపిరి నిండా పీల్చుకుని, మళ్ళీ పీల్చకుండా ఒకటి రెండు మూడు అని పైకి లెక్కపెట్టుకుంటూ పోండి, ఎంతదాకా వస్తారో చూడండి. ఒంట్లో బాగున్న మనిషి కొంచెం వేగంగా లెక్కపెడితే 40, 50 దాకా పోతాడు. నాకు ఒక టైంలో 17 దగ్గర ఆగిపోయేది. పద్దెనిమిది అనే మాట నోట్లోకి వచ్చేది గానీ దాన్ని బయటికి తోయడానికి లోపల గాలి ఉండేది కాదు. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది, అకౌంట్స్ పని చేసేవాణ్ణి, కోట్లలో అంకెలు చూసినవాణ్ణి, పద్దెనిమిది కోసం చెమటలు పట్టేవి.

గిలాన్ బారే అనే నరాల జబ్బుతో మంచాన పడ్డ ఆ కష్టకాలంలో ఎలా తట్టుకున్నావ్, అంత ఓర్పు ఎక్కణ్ణుంచి వచ్చింది అని చాలామంది అడిగారు, అడిగిన ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నా. ఒకసారి మొత్తం రాసేస్తే పోతుంది కదా అని కూర్చున్నా. కాస్త పొడుగవుద్ది, ముందే చెప్తున్నా.

మొదలైంది చాలా చిన్నగా. ఒక పదిహేను రోజుల ముందు జ్వరం, విరేచనాలు వచ్చి నాలుగు రోజుల్లో తగ్గిపోయాయి, దాన్ని మర్చిపోయా కూడా. తర్వాత ఒకరోజు పొద్దున లేస్తే రెండు అరికాళ్ళూ తిమ్మిరిగా ఉన్నాయి, చాలాసేపు మఠం వేసుకుని కూర్చుని లేచినట్టు. కాసేపట్లో పోతుందిలే అనుకున్నా. పోలేదు. రెండోరోజుకి తిమ్మిరి చీలమండలు దాటింది, మూడోరోజు మెట్లు దిగుతుంటే మోకాలు ఒక్కసారిగా మడతపడిపోయి రెయిలింగ్ పట్టుకుని వేలాడా. అప్పటికీ నిద్ర చాలక అనుకున్నానంటే నా తెలివి చూడండి.

నాలుగోరోజు ఒక క్లినిక్‌కి వెళ్తే విటమిన్లు తక్కువయ్యుంటాయి, టెన్షన్ ఎక్కువ పెట్టుకుంటున్నారు అని మాత్రలు రాసిచ్చి పంపేశారు. ఆయన మీద నాకిప్పుడు కోపం లేదు (అప్పుడు ఉండేది, చాలా ఉండేది), ఎందుకంటే ఈ జబ్బు ఏడాదికి లక్షమందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది, రోజూ వచ్చే వందమంది తిమ్మిర్ల కేసుల్లో దీన్ని పట్టుకోవడం తేలిక కాదు. కాకపోతే ఒక్కటి, ఆయన మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టి కాలు ఎగురుతుందో లేదో చూసుంటే తెలిసిపోయేదేమో. రెండు కాళ్ళకీ ఒకేసారి తిమ్మిరి మొదలై, రోజురోజుకీ పైకి పాకుతూ, నడకలో బలం తగ్గుతుంటే మాత్రం ఆగకండి, అదేరోజు పెద్దాసుపత్రికి వెళ్ళిపోండి. ఈ ఒక్కమాట కోసమైనా ఇది రాయొచ్చు అనిపించింది.

ఐదోరోజు నేల మీద కూర్చున్నవాణ్ణి లేవలేకపోయా. చేతులు ఆనించి లేద్దామంటే చేతులు కూడా వణుకుతున్నాయి. నాన్న, బావ ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని కారెక్కించారు. ఆసుపత్రిలో న్యూరాలజిస్టు గారు చిన్న రబ్బరు సుత్తి తీసి మోకాలి కింద కొట్టారు, కాలు ఎగరలేదు. మళ్ళీ కొట్టారు. రెండో కాలు. చీలమండ. మోచెయ్యి. ఎక్కడా ఏమీ కదల్లేదు, చెక్కని కొట్టినట్టు టక్ టక్ మని చప్పుడు మాత్రం వచ్చింది. ఆ చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది. ఆయన సుత్తి జేబులో పెట్టుకుంటూ అక్క వైపు చూశారు, నా వైపు చూడలేదు, అప్పుడు అర్థమైంది విషయం పెద్దదని.

జీబీఎస్ అంటారు, గిలాన్ బారే సిండ్రోమ్. 1916లో గిలాన్, బారే, స్ట్రోల్ అని ముగ్గురు ఫ్రెంచ్ డాక్టర్లు ఇద్దరు సైనికుల్లో దీన్ని చూసి రాశారట, పాపం మూడో ఆయన పేరు ఎవరూ వాడరు. ఎక్కువమందిలో జరిగేదేంటంటే, ముందు ఏదో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, దాంతో పోరాడాల్సిన మన రక్షణ వ్యవస్థ శత్రువు పోయాక కూడా ఆగకుండా మన నరాల మీదే పడుతుంది. డాక్టర్ గారు చెప్పింది నాకు బాగా గుర్తు, "కరెంటు తీగ ఉంటుంది కదా, దాని మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, మీకు ఆ తొడుగు ఊడిపోతోంది, అందుకే మెదడు నుంచి ఆర్డర్ బయల్దేరుతోంది గానీ కాలు దాకా చేరట్లేదు" అన్నారు. లోపల తీగ కూడా దెబ్బ తిందా లేదా అనేది ఎన్‌సీవీ టెస్టులో కొంత తెలుస్తుంది అన్నారు. ఆ టెస్టంటే చేతులకీ కాళ్ళకీ చిన్న చిన్న షాకులు ఇచ్చి నరంలో సిగ్నల్ ఎంత వేగంగా పోతుందో కొలుస్తారు, తర్వాత వెన్నులోంచి నీరు తీశారు, అందులో ప్రోటీన్ ఎక్కువ, కణాలు మామూలుగా ఉన్నాయి, దాంతో ఖాయం అయిపోయింది.

మందు ఒకటుంది, ఇమ్యునోగ్లోబులిన్, అంటే రోగాలతో పోరాడే యాంటీబాడీలు. కేజీ బరువుకి 0.4 గ్రాముల లెక్కన రోజుకొకసారి ఐదు రోజులు నరంలోకి ఎక్కిస్తారు. నేను 70 కేజీలు, కాబట్టి రోజుకి 28 గ్రాములు, ఐదురోజులకి 140, ఇలాంటి లెక్కలు మాత్రం మంచాన పడ్డా ఆగలేదు నాకు. అది వేలమంది దాతలిచ్చిన ప్లాస్మాలోంచి తీస్తారని సిస్టర్ చెప్పింది. సీసాలోంచి చుక్క చుక్క దిగుతుంటే చూస్తూ పడుకుని, వీళ్ళంతా ఎవరో, ఇప్పుడేం చేస్తుంటారో అనుకునేవాణ్ణి. ఇక్కడొక తిరకాసు ఉంది, మందు ఎక్కించగానే జబ్బు ఆగదు. మొదలైన దగ్గర్నుంచి రెండు నుంచి నాలుగు వారాల దాకా దిగజారుతూనే ఉండొచ్చు, తర్వాత కొన్నాళ్ళు ఉన్నచోటే ఉంటుంది, ఆ తర్వాతే పైకి రావడం. ఇది మాకు ముందే చెప్పారు, చెప్పినా సరే, మందు మూడోరోజు చెయ్యి పైకెత్తలేనప్పుడు మందు పనిచేయట్లేదనే అనుకున్నాం అందరం.

ఆ రోజుల్లోనే ఈ లెక్కపెట్టడం మొదలైంది. ఊపిరి తీసుకోవడానికి కూడా కండరాలే కదా పనిచేసేది, అవి బలహీనపడితే ఆక్సిజన్ నంబర్ పడిపోయేదాకా పైకి తెలియదట, అందుకే కొన్ని గంటలకొకసారి ఒక గొట్టంలో ఊదించి కొలుస్తారు, దానికి తోడు డ్యూటీ డాక్టర్ వచ్చి ఒక్క గుక్కలో లెక్కపెట్టమనేవాడు. మొదటిరోజు 31. మర్నాడు 24. ఆ మర్నాటి సాయంత్రానికి 17. 20 కిందకి పోతే జాగ్రత్తపడాల్సిందే అన్నారు, ఆ రాత్రే ఐసీయూకి మార్చారు, వెంటిలేటర్ పెట్టాల్సి రావచ్చని అక్క చేత సంతకం కూడా పెట్టించుకున్నారు. ఈ జబ్బొచ్చిన ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి అది అవసరమవుతుందట.

ఐసీయూ గురించి ఎక్కువ రాయను, కొన్ని మాత్రం చెప్పాలి. ముఖం కండరాలు కూడా పోయి కళ్ళు పూర్తిగా మూతపడేవి కావు, రాత్రిపూట మందు రాసి టేపు అంటించేవాళ్ళు. నా చుట్టూ ఏం జరుగుతుందో అంతా తెలుస్తూనే ఉండేది, తెలివి దగ్గర ఏ లోటూ లేదు, అదే అసలు బాధ. దుప్పటి అంచు కాలికి తగిలితే నిప్పు తగిలినట్టు ఉండేది, అంటే కదలడానికి పనికిరాని కాలు నొప్పికి మాత్రం బాగా పనికొస్తుందన్నమాట. ముక్కు దురద పెడితే గోక్కోవడానికి చెయ్యి లేవదు. బెల్ నొక్కడానికి వేలు ఆనదు. రెండు గంటలకొకసారి పుండ్లు పడకుండా పక్కకి తిప్పేవాళ్ళు, ఆ రెండు గంటల్లో చివరి అరగంట ఎలా ఉండేదో మాటల్లో పెట్టలేను, గోడ గడియారంలో సెకన్ల ముల్లు వైపు చూస్తూ ఉండేవాణ్ణి అంతే.

విజిటింగ్ టైంలో వచ్చినవాళ్ళందరూ ఒకే మాట, ధైర్యంగా ఉండు. ఒకాయన ఫోన్లో కాళ్ళు లేకుండా కొండ ఎక్కినవాడి వీడియో చూపించాడు. నాకు అప్పుడు కొండ గొడవే లేదు మహానుభావా, ముక్కు దురద అని అరవాలనిపించింది, గొంతు లేదు. పాపం వాళ్ళ తప్పు కాదు, వాళ్ళు మాత్రం ఏమంటారు. కానీ ధైర్యం అనేది బయటినుంచి ఒకరు చెప్తే వచ్చే వస్తువు కాదు, పైగా ఆ మాట విన్న ప్రతిసారీ నేను ధైర్యంగా లేనేమో, అది కూడా నా తప్పేనేమో అని ఇంకో బరువు నెత్తినెక్కేది.

అక్క మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు. మా అక్క మాటలు తక్కువ మనిషి. ఒకరోజు సాయంత్రం లోపలికి వచ్చి పక్కన నిలబడితే ఎప్పట్నుంచో గొంతులో ఉన్నది బయటపడింది, "నావల్ల కాదక్కా" అన్నా. అంటే దేనికి నావల్ల కాదు అన్నానో కూడా సరిగ్గా తెలియదు, మొత్తానికి అన్నా. ఇక ఏడుస్తుందనుకున్నా, లేకపోతే అలా అనకూడదురా అంటుందనుకున్నా. అది నా మెడ కింద దిండు సర్దుతూ, "సరేరా, ఇవాళ్టికి నీవల్ల కాదు. సిస్టర్‌ని పిలుస్తా, పక్కకి తిప్పుతారు, పడుకో" అంది.

ఇవాళ్టికి. ఆ మాట అది ఆలోచించి అందో యథాలాపంగా అందో ఎప్పుడూ అడగలేదు. నావల్ల కాదు అనే మాటని తప్పు పట్టలేదు, కొట్టిపారెయ్యలేదు, దానికి ముందు ఒక్క పదం తగిలించింది. తర్వాత రెండేళ్ళలో ఆ పదాన్ని ఎన్నిసార్లు వాడుకున్నానో లెక్కలేదు, ఈ ఒక్కదానికే లెక్క రాసుకోలేదు.

17 దగ్గర మూడురోజులు ఉంది నంబర్. డాక్టర్ రావడం, లెక్కపెట్టించడం, రాసుకోవడం, పోవడం. మూడోరోజు ఆయనే అన్నాడు, ఇది మంచి వార్తే, దిగలేదు కదా అని. నాకు అది మంచి వార్తలా అనిపించలేదు, అప్పటిదాకా మెరుగవడం అంటే పెరగడమే అనుకునేవాణ్ణి. నాలుగోరోజు పొద్దున 19 వచ్చింది. సిస్టర్ ఇంకోసారి చెప్పండి అంది. ఇంకోసారీ 19. వెంటిలేటర్ దాకా పోలేదు, నా అదృష్టం అంతే, ఇందులో నా మనోబలం ఏమీ లేదని గట్టిగా చెప్తున్నా. నా పక్క బెడ్‌లో నాకంటే గట్టి మనిషి ఉన్నాడు, ఆయనకి పెట్టాల్సి వచ్చింది.

వార్డుకి వచ్చాక ఎన్‌సీవీ మళ్ళీ చేశారు. చేతుల్లో తొడుగే ఎక్కువగా పోయింది, అది వారాల్లో, నెలల్లో మళ్ళీ వస్తుంది. కాళ్ళలో కొన్నిచోట్ల లోపలి తీగ కూడా దెబ్బతింది. తీగ మళ్ళీ పెరుగుతుందా అంటే పెరుగుతుంది, రోజుకి సుమారు ఒక మిల్లీమీటర్ అన్నారు. ఆ మాట ఒక అకౌంటెంటుకి చెప్పకూడదు! నడుము దగ్గర్నుంచి బొటనవేలి దాకా మీటరు, అంటే 1000 మిల్లీమీటర్లు, 1000 రోజులు, దగ్గర దగ్గర మూడేళ్ళు. ఆ రాత్రంతా ఇదే లెక్క. మర్నాడు డాక్టర్ గారికి చెప్తే ఆయన నవ్వేసి, మీ లెక్క కరెక్టే గానీ మీ పద్దు తప్పు అన్నారు. తీగలన్నీ తెగలేదు, తెగినవన్నీ మొదలు దగ్గరే తెగలేదు, పైగా మిగిలిన తీగలు పక్కకి కొమ్మలు వేసి యజమాని లేని కండరాన్ని పట్టుకుంటాయి, అందుకే చాలామంది ఆరునెలలకి ఎవరి సాయం లేకుండా నడుస్తారు, ఐదుగురిలో ఒకరికి మాత్రం అప్పటికీ కుదరదు అన్నారు. ఆ ఒక్కడు నేనే అవుతానని ఎందుకో నమ్మేశా, అలాంటి టైంలో మనసు ఎప్పుడూ ఆ ఒక్కడి వైపే పోతుంది.

అక్కణ్ణుంచి రీహాబ్ సెంటర్, ఆరు వారాలు. అసలు ఇక్కణ్ణుంచే నేను చెప్పాలనుకున్న విషయం మొదలవుతుంది.

ముందు పక్కకి దొర్లడం నేర్పారు. తర్వాత మంచం అంచున కూర్చోవడం, ఇద్దరు పట్టుకుంటే. తర్వాత ఒక బల్లకి బెల్టులతో కట్టేసి మెల్లగా నిలువుగా లేపేవాళ్ళు, మొదటిసారి 90 సెకన్లకే కళ్ళు బైర్లు కమ్మి బీపీ పడిపోయింది. నేను ఏం చేశానంటే చేతివేళ్ళు కాస్త పట్టు దొరికిన రోజే అక్కతో ఒక నోట్‌బుక్ తెప్పించుకున్నా, మొదట్లో అక్కే రాసేది, తర్వాత కోడి గీతల్లాగా నేనే. ఊపిరి లెక్క ఎంత, పిడికిలి బలం ఎంత, ఎన్ని సెకన్లు నిలబడ్డా, కాలు ఎన్ని డిగ్రీలు లేచింది, అన్నీ కాలమ్‌లు గీసి. నాకు తెలిసిన విద్య అదొక్కటే. మొదటి పదిరోజులు బ్రహ్మాండం, ప్రతిరోజూ ఏదో ఒకటి పెరుగుతుంది, రాత్రి పడుకునే ముందు చూసుకుని మురిసిపోవడం.

తర్వాత ఆగింది. నిన్న 40 సెకన్లు, ఇవాళ 40, రేపు 35. నిజం చెప్పాలంటే ఐసీయూ కంటే ఈ రోజులే ఘోరం నాకు. ఐసీయూలో నా చేతిలో ఏమీ లేదు, ఇక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒళ్ళు హూనం చేసుకుని రాత్రి పుస్తకం తెరిస్తే అంకె వెనక్కి పోయి ఉంటుంది, ఇంకెందుకు చేయాలి? ఒకరోజు పొద్దున ఎక్సర్‌సైజ్‌కి రానని గోడ వైపు తిరిగి పడుకున్నా. తిరగడం వచ్చేసింది కాబట్టి అలగడం కూడా కుదిరింది.

ఫిజియో మేడమ్ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. చిన్నపిల్ల, నాకంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది. "పుస్తకం ఒకసారి ఇవ్వండి సార్" అంది. మొత్తం తిప్పి చూసి, "ఇవన్నీ మీ నరాలు చేసిన పనులు సార్, మీరు చేసినవి ఏవి?" అంది. నాకు అర్థం కాలేదు. "40 సెకన్లు నిలబడటం మీ చేతిలో లేదు, అది నరం ఇష్టం. నాలుగుసార్లు నిలబడటానికి ట్రై చేశారా లేదా, అది మీ చేతిలో ఉంది. అది ఒక్కచోట కూడా రాయలేదు. ఇక నుంచి చేసింది రాయండి, వచ్చింది నేను రాస్తా, పదిహేను రోజులకొకసారి, నా ఫైల్లో. మీకు చూపించను" అంది.

ఎంత కోపం వచ్చిందో. నా ఒంటి లెక్కలు నాకు చూపించకపోవడం ఏంటి అని. కానీ ఆ రోజు చేసేదేం లేక కొత్త పేజీలో రాశా: పక్కకి దొర్లడం 10. కూర్చోవడం 3. నిలబడే ప్రయత్నం 4. అంతే. పడిపోతే కూడా ప్రయత్నం కిందే లెక్క. మర్నాడు మళ్ళీ అదే. వారం తర్వాత గమనించా, పేజీల్లో ఎక్కడా వెనక్కి పోయిన రోజు లేదు, ఉండదు కూడా, ఎందుకంటే నాలుగుసార్లు ప్రయత్నించడం ఎంత చెడ్డరోజైనా అవుతుంది. మూడ్ బాగున్న రోజు కోసం ఎదురు చూడాల్సిన పని పోయింది. ఏడుస్తూ చేసిన రోజు కూడా నాలుగే, నవ్వుతూ చేసిన రోజు కూడా నాలుగే, పుస్తకంలో రెండూ ఒకేలా ఉంటాయి.

రీహాబ్‌లో ఎదురు మంచం పెద్దాయన ఒకరుండేవారు, పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పోయింది. ఆయన రోజూ భోజనాల తర్వాత చొక్కా బొత్తాలు ఎడంచేత్తో పెట్టుకునేవారు. రంధ్రం అంచుని చూపుడువేలితో పైకి లేపి, బొటనవేలితో బొత్తాన్ని అడ్డంగా తిప్పి, కింద నుంచి తోసేవారు, సగం వెళ్ళి వెనక్కి వచ్చేసేది, మళ్ళీ మొదలు. ఒక్కో బొత్తానికి ఐదు నిమిషాలు. ఆయన భార్య పక్కనే కూర్చుని చూస్తుండేది గానీ చెయ్యి వేసేది కాదు. ఒకసారి ఉండబట్టలేక "ఎందుకండీ అంకుల్ అంత కష్టపడటం, టీషర్టు వేసుకోవచ్చు కదా" అన్నా. "టీషర్టు వేసుకుంటే మధ్యాహ్నమంతా ఏం చెయ్యను బాబూ" అన్నారు. ఆయన జోక్ చేశారో లేదో ఇప్పటికీ తెలీదు. ఐదు బొత్తాలూ పెట్టుకున్నాక ఒక్క క్షణం చూసుకుని, మళ్ళీ అన్నీ విప్పేసేవారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పట్టుదల అంటే పళ్ళు బిగించి ఇంకా ఇంకా చేయడమే అనుకుంటారు, నేనూ అనుకున్నా. ఒక ఆదివారం ఫిజియో మేడమ్ సెలవు, నాకు ఒంట్లో బాగుందనిపించి రెండు కడ్డీల మధ్య నాలుగుసార్లు నడవాల్సింది పద్నాలుగుసార్లు నడిచా. హీరో అయిపోయాననుకున్నా. మర్నాడు చెంచా పట్టుకోవడానికి వేళ్ళలో బలం లేదు, మంగళవారం కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోయా, మళ్ళీ జబ్బు తిరగబెట్టిందేమోనని అందరూ హడలిపోయారు. తిరగబెట్టలేదు, సగం మేలుకున్న నరాలని తొక్కేశానంతే. మామూలు స్థితికి రావడానికి పదిరోజులు పట్టింది. అప్పుడు మేడమ్ చెప్పిన రూల్ ఇప్పటికీ పాటిస్తా: ఇవాళ్టి అలసట రేపు పొద్దునకల్లా పోవాలి, పోలేదంటే నిన్న ఎక్కువ చేసినట్టు. రేపటి నాలుగు చెయ్యడానికి సరిపడా మిగుల్చుకుని ఆపాలి. చేయడం కంటే ఆపడమే కష్టమనిపించింది నాకు, ముఖ్యంగా బాగున్న రోజున.

ఇంటికి వచ్చాక జనం అనుకున్నంత బాగేం ఉండదు. ఆసుపత్రిలో అందరూ మనలాంటివాళ్ళే, ఇంట్లో అందరూ నడుస్తుంటారు. వీల్‌చైర్ గుమ్మం దగ్గర ఇరుక్కునేది. నాన్న నన్ను బాత్రూంకి తీసుకెళ్ళేటప్పుడు ఆయన రొప్పడం వినపడేది, ఆ వయసులో నన్ను మోయడమేంటి, అది విన్నప్పుడల్లా చచ్చిపోయినట్టుండేది. ఊరికే అందరి మీదా అరిచేవాణ్ణి. ఒకరోజు నోట్‌బుక్ విసిరికొట్టా, అక్క తీసి దులిపి మళ్ళీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆరువారాలు సైకాలజిస్టుతో మాట్లాడా కూడా, దాచాల్సిన పనేం లేదు, కాలికి ఫిజియో ఎలాగో ఇదీ అలాగే, ఇంకా ముందే వెళ్ళుండాల్సింది. ఆ నెలల్లో నాలుగైదు పేజీలు ఖాళీగా ఉన్నాయి, ఏమీ చేయని రోజులవి. ఒక పేజీలో "ఇవాళ్టికి కాదు" అని మాత్రం ఉంది, నా చేతిరాతే, రాసినట్టు గుర్తులేదు.

ఈ జబ్బులో బలం ఎక్కువమందికి పైనుంచి కిందకి వస్తుంది, ముందు భుజాలు, తుంటి, చివరాఖరికి పాదాలు. నాకు వాకర్‌తో నడక వచ్చాక కూడా పాదాలు వేలాడుతూనే ఉండేవి, స్ప్లింట్ (పాదం వేలాడకుండా పట్టి ఉంచే పట్టీ) వేసుకోకపోతే బొటనవేలు నేలకి రాసుకుపోయేది. పాదానికి రోజూ చేయాల్సిన పని ఏంటంటే, దానివైపు చూస్తూ పైకి లేవమని ఆర్డర్ వేయడం, పదిసార్లు, అది లేవదు, లేవకపోయినా వేయాలి. వినడానికే పిచ్చిగా ఉంటుంది కదా, కదలని కాలికి రోజూ పదిసార్లు చెప్పడం. పుస్తకంలో "పాదం 10" అని నాలుగు నెలలు వరసగా ఉంటుంది.

ఆ రోజు ఆరోసారో ఏడోసారో, నా దృష్టి టీవీ మీద ఉంది నిజానికి. కుడి బొటనవేలి గోరు మీద ట్యూబ్‌లైటు వెలుతురు పడుతుంది కదా, ఆ మెరుపు కొంచెం జరిగింది. వేలు కదిలినట్టు నాకు లోపల ఏమీ తెలియలేదు, మెరుపు జరగడమే చూశా. టీవీ ఆపేసి మళ్ళీ ఆర్డర్ వేశా. ఏమీ లేదు. మళ్ళీ. మళ్ళీ కొంచెం జరిగింది, బియ్యపుగింజంత. అరవలేదు, ఎవర్నీ పిలవలేదు, భయమేసింది ఎవరైనా వస్తే ఆగిపోతుందేమోనని. మిగిలినవి పూర్తి చేసి పుస్తకంలో "పాదం 10" అనే రాశా. రాత్రి అక్క లైటు ఆపడానికి వచ్చినప్పుడు చూపిస్తే అది నేల మీద కూర్చుని వేలికి మొహం దగ్గరగా పెట్టి, "ఏదీ, ఇంకోసారి" అంది. ఇంకోసారి రాలేదు. "సరే రేపు చూస్తాలే" అని లైటు ఆపేసింది.

వాకర్ పోయి కర్ర వచ్చింది, కర్ర పోయింది, పది నెలలకి ఉద్యోగానికి వెళ్ళా, ముందు రోజుకి మూడు గంటలు. మొత్తం పోయిందా అంటే పోలేదు. ఎడమ అరికాలు ఇంకా సగం నిద్రలోనే ఉంది, చెప్పు జారిపోయినా తెలియదు, చీకట్లో గోడ పట్టుకుంటా. సాయంత్రానికి ఒక రకమైన అలసట వస్తుంది, నిద్రపోతే పోయేది కాదది, ఈ జబ్బు వచ్చినవాళ్ళలో చాలామందికి ఏళ్ళ తరబడి ఉంటుందట. ఆఫీసులో బాగైపోయావుగా అంటారు, అవునంటా.

ఓర్పు ఎక్కణ్ణుంచి వచ్చింది అంటే నా దగ్గర సమాధానం ఇదే, ఎక్కణ్ణుంచీ రాలేదు. నాకు ముందెంత ఉందో తర్వాతా అంతే ఉంది, ఇప్పటికీ ట్రాఫిక్‌లో హారన్ కొడతా. ఉన్నదల్లా రోజుకి నాలుగుసార్లు అనే ఒక చిన్న పని, అది రాయడానికి ఒక గీత, రాయని రోజున నన్ను ఏమీ అనని ఒక మనిషి.

మొన్న బీరువా సర్దుతుంటే ఆ నోట్‌బుక్ దొరికింది. చివరి పేజీ ఏదో గొప్పగా ఉంటుందనుకుని తిప్పా, పద్నాలుగో నెలలో ఒక మామూలు బుధవారం, "మెట్లు 2 సార్లు. పాదం 10." అని ఉంది. ఆ తర్వాత గురువారం లేదు. ఎందుకు ఆపేశానో, ఆ గురువారం ఏమైందో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. దాని తర్వాత పేజీల్లో అక్క కొడుకు భాగహారాలు చేసుకున్నాడు, సగం తప్పులు.